మూడో ఫేడర్

లోవలక్ష్మి పాట ఎత్తుకోలేదు. ఎడమ చెవి రెండు చేతులతో మూసుకుని స్టేజి మీదే కూలబడిపోయింది.

అప్పుడు టైము పదకొండు గంటల నాలుగు నిమిషాలు. ఆదివారం. లైట్లన్నీ ఆర్పేసిన హాల్లో ఎనిమిది వందల మంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, అదీ ప్రోగ్రాంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

తబలా ఓంప్రకాశ్ ఒక్క ఉదుటున లేచి ఆమె చెవిలోని ఇయర్‌ఫోన్ పీకి పారేశాడు. కిందపడ్డ ఆ చిన్న ముక్క లోంచి వస్తున్న కీచుమోత మొదటి వరసలో కూర్చున్న బ్రహ్మచారికి కూడా వినిపించింది.

బ్రహ్మచారి పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి ఎస్సైగా రిటైరయ్యాడు. ఇప్పుడు ఈ కంపెనీలో చీఫ్ సెక్యూరిటీ ఆఫీసర్. అందరికీ చారి సార్.

పదకొండూ ఇరవైకి అంబులెన్స్ బోయిగూడ రోడ్డెక్కింది. కీబోర్డు వాయించే రాజబాబు దాంట్లో వెళ్లాడు. పదకొండున్నరకి హెచ్‌ఆర్ హెడ్ పద్మనాభం గ్రీన్‌రూమ్ తలుపు దగ్గర చారిని ఆపాడు.

"ఒంటిగంటకి లంచ్. ఆలోపు నాకు ఒక పేరు కావాలి చారిగారూ. లేకపోతే సూర్య పేరు రాసి పోలీసులకు ఇచ్చేస్తాను. ఫేడర్ మీద ఉన్నది వాడి వేలే కదా."

సూర్యకి ఇరవై నాలుగేళ్లు. వారమంతా అదే కంపెనీలో టెస్టింగ్ ఇంజినీరు, సెలవురోజుల్లో ఈ ట్రూపుకి సౌండ్ చూస్తాడు. ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఒక్క కేసు పడితే చాలు. ఏ కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసినా అక్కడితో ఆగిపోతుంది.

గ్రీన్‌రూమ్‌లో అతను గోడకానుకుని కింద కూర్చున్నాడు. బల్ల మీద అతని ల్యాప్‌టాప్, పక్కనే ఎనిమిది ఫేడర్ల కంట్రోలర్ బాక్సు. ఫేడర్లంటే పైకీ కిందికీ జరిపే మీటలు.

చారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బల్ల మీది టీ కప్పుల చెవులన్నీ ఒకే వైపుకి తిప్పాడు. సర్వీసులో అబ్బిన అలవాటు. ఆయనున్న గదిలో వంకరగా ఉన్నదేదీ ఎక్కువసేపు వంకరగా ఉండదు.

"జెర నాకు సమజయ్యేటట్టు చెప్పు. ఏం జేస్తదిది?"

సూర్య చెప్పుకొచ్చాడు. బాక్సు ఒక వైరుతో ల్యాప్‌టాప్‌కి కలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో మీటకి ఒక్కో పని అప్పగించాడు. మూడోది లోవలక్ష్మి చెవిలో వినిపించే శ్రుతి. ఆమె చెవి సున్నితం. అందుకే ఆ మీటని పావు వంతు దగ్గరే ఉంచి పక్కన పెన్సిల్ గీత పెట్టాడు. ఎనిమిదింటికీ అలాగే గీతలున్నాయి.

"మీట ఏడున్నదో సాఫ్ట్‌వేర్‌కు ఎరుకుండదా?"

"కదిపితేనే తెలుస్తుంది సార్. వైరు పీకేసినప్పుడు ఎవరైనా మీట జరిపితే దానికి తెలీదు. పాత చోటే ఉందనుకుంటుంది. మళ్లీ వైరు పెట్టాక వేలు తగిలి కాస్త కదిలిందా, సౌండు ఒక్కసారే ఆ కొత్త చోటికి ఎగిరిపోతుంది."

"ఎగరకుండ ఆపే సెట్టింగ్ లేదా?"

"ఉందండి. అది పెడితే మీటని పాత చోటుకి తెచ్చి కలిపేదాకా సౌండు కదలదు. నిన్నటిదాకా అదే ఉంచాను. రిహార్సల్లో ఆలస్యమైపోతోందని లోవలక్ష్మిగారు అందరి ముందూ కేకలేశారు. మార్చేశాను." సూర్య జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. "తప్పు నాదే సార్. రాసేశాను."

చారి ఆ కాగితం విప్పలేదు. బల్ల మీద పెట్టాడు.

"వైరు ఎప్పుడు పీకినవ్?"

"పదీ ఐదుకి. పూజకని."

ఆ ట్రూపుకి అదో ఆనవాయితీ. ప్రోగ్రాంకి ముందు వాయిద్యాలన్నీ గ్రీన్‌రూమ్ బల్ల మీద పెట్టి దీపం వెలిగిస్తారు. తబలాకి, కీబోర్డుకి, మైకుకి బొట్టు పెడతారు. ఈ మధ్య ఈ బాక్సుకి కూడా. ఇవాళ ఆ పెద్దరికం చారికి ఇచ్చారు. ప్రతి మీట నెత్తినా ఆయనే ఒక కుంకుమ చుక్క అద్దాడు. పరేడ్‌లో నిలబడ్డ జవాన్లలా ఎనిమిదీ ఒకే వరుస. ఆ వరుస ఆయన కళ్లలో ఇంకా అలాగే ఉంది.

ఆయన్ని లోపల తొలిచేస్తున్నదీ అదే. పదీ యాభైకి సూర్య పరుగున వచ్చి బాక్సు చంకన పెట్టుకుంటూ అడిగాడు, ఎవరూ ముట్టుకోలేదు కదా సార్ అని. నేనున్న గద, ఎవరు ముట్టలే అన్నాడు చారి. ఒక పోలీసాయన మాట. దాన్ని నమ్మి కుర్రాడు చీకట్లో గీతలు చూసుకోకుండానే వైరు పెట్టాడు. వేలి తడుముడు మీద మూడో మీట వెతుక్కున్నాడు.

తన కాపలాలోనే ఎవరో చెయ్యి పెట్టారు.

"పదీ ఐదుకు మీటలెట్లున్నయ్?"

"ఎగుడుదిగుడుగా సార్. ఎనిమిదోది ఒక్కటే నెత్తినుంది."

"నేను బొట్లు పెట్టి చూసినప్పుడు అన్నీ నెత్తినే ఉండె. సీదా లైను."

అంటే ఆ మధ్యలోనే జరిగింది. ఆ కాసేపూ బల్ల దగ్గర తనతోపాటు ఉన్నది ఒక్కరే. కుంకుమ ప్లేటు పట్టుకున్న ఊర్మిళ. రెండో గాయని. లోవలక్ష్మి పడిపోతే మొదటి పాట ఆమెదే.

చారి సూర్యని బయటికి పంపి ఊర్మిళని పిలిపించాడు. పావుగంట పాటు ఆగకుండా ప్రశ్నలు వేశాడు. ఎప్పుడొచ్చావు, ఎక్కడ నిలబడ్డావు, మొదటి పాట ఎవరు కావాలన్నారు. ఆమె తడబడినప్పుడల్లా గొంతు పెంచాడు. చివరికి ఆమె కళ్లు తుడుచుకుంటూ అంది:

"లోవక్క నాకు పాట నేర్పింది సార్. ఆమె చెవి పోగొట్టి నేను పాడతనా? ప్లేటు పట్టుకొని మీ పక్కనే నిలబడ్డ. నా చెయ్యి ఆ డబ్బాకు తగల్లేదు."

చారి నోట్‌బుక్‌లో ఆమె పేరు రాసుకున్నాడు. కింద గీత గీశాడు.

పన్నెండూ ఇరవైకి ఆసుపత్రి నుంచి రాజబాబు ఫోన్ చేశాడు. కర్ణభేరికి చిల్లుపడింది. ఎడమ చెవి మళ్లీ మునుపటిలా వింటుందో లేదో డాక్టరు ఇప్పుడే చెప్పలేనన్నాడు. లోవలక్ష్మి మాత్రం ఒకటే అడుగుతోందట, శ్రుతి నా చెవికి ఆనుతుందా అని.

చారి ఫోన్ పెట్టేశాడు.

పన్నెండున్నరకి ఓంప్రకాశ్ డిజిటల్ కెమెరాతో వచ్చాడు. ప్రతి పూజకీ ఫోటో తీయడం తన అలవాటని, ఇవాళా ఒకటి తీశానని చెప్పి, కెమెరా బల్ల మీద పెట్టి తబలా సర్దుకోవడానికి వెళ్లాడు.

ఊర్మిళ చెయ్యి దొరుకుతుందని చారి ఆశపడ్డాడు. ఫోటో మీద టైము పదీ పన్నెండు. దగ్గరికి తెచ్చి చూశాడు. ఇంకొంచెం పెద్దది చేశాడు.

కెమెరా దించి తలుపు వైపు చూశాడు.

గదిలో ఎవరూ లేరు. ఫోటో తీసేసే బటన్ ఏదో ఆయనకు తెలుసు. బొటనవేలు దాని మీదే ఉంది. పక్కనే సూర్య రాసిచ్చిన కాగితం. ఒక్క నొక్కు నొక్కితే రెండూ కలిసి కేసు మూసేస్తాయి.

పన్నెండూ నలభై ఒకటి. నలభై నాలుగు. వేలు తీసేశాడు.

పన్నెండూ యాభైకి అందర్నీ పిలిచాడు. పద్మనాభం కుర్చీలో కూర్చుని ప్యాడ్, పెన్ను సిద్ధం చేసుకున్నాడు. సూర్య మళ్లీ గోడ దగ్గరే కూర్చున్నాడు. చారి కెమెరా ఊర్మిళ చేతికిచ్చాడు.

"బొట్టున్న మీటలెన్ని?"

"ఐదు."

"ఎట్లున్నయ్?"

"సీదాగ. అన్నీ నెత్తిన."

"బొట్టు లేనివి?"

ఊర్మిళ కళ్లు చిట్లించింది. "మూడు. ఎనిమిదోది పైనుంది. ఆరు, ఏడు మాత్రం వంకరటింకరగా..." ఆమె తలెత్తి చారి వైపు చూసింది.

సూర్య లేచి వచ్చి చూశాడు. "ఆ రెండూ నేను పెట్టిన చోటే ఉన్నాయి సార్."

"ఉంటయ్. ఇంకా వాటి వంతు రాలే." చారి గొంతు మెల్లగా ఉంది. "బొట్టు పడ్డది జరిగింది. పడనిది జరగలే. అంటే బొట్టు పెట్టిన చెయ్యే ఒక్కొక్కదాన్ని ఎనిమిదోదాని పక్కకు నెట్టి లైన్ల పెట్టుకుంట పోయింది. ఎనిమిది సీదాగ నిలబడ్డది చూసుకున్నడు. తానే నిలబెట్టినట్టు సుత యాది లేదు."

పద్మనాభం చూపు బల్ల మీది టీ కప్పుల మీద పడింది. చెవులన్నీ ఒకే వైపు. అతను పెన్ను కింద పెట్టాడు.

"చారిగారూ, కావాలని చేసింది కాదు కదా. సూర్య ఎలాగూ రాసిచ్చాడు. ఈ ఫోటో సంగతి ఇక్కడితో వదిలేద్దాం."

చారి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సూర్య చొక్కా జేబులో తోశాడు. నోట్‌బుక్ తెరిచి ఊర్మిళ పేరు కొట్టేశాడు. ఆమె చూసేలాగే కొట్టేశాడు.

"జరిపింది తెల్వక. అది వేరే. కని ఈ పోరడొచ్చి ఎవరన్న ముట్టిండ్రా అని అడిగిండు. మీటల దిక్కు ఒక్కసారన్న చూడకుండ, నేనున్న గద అన్నడు వాడు. ఆ మాట మీద ఈ పిల్లగాడు వైరు పెట్టిండు. ఆమె చెవి పోయింది ఆ మాటకు. ఆ తర్వాత పావుగంటసేపు ఈ పిల్లను ఏడిపించిండు."

బయట ప్లేట్ల చప్పుడు. లంచ్ మొదలైనట్టుంది. ఒంటిగంటకి ఇంకా రెండు నిమిషాలుంది.

"పెన్ను తీయండి సార్."

పద్మనాభం తీశాడు. రాయలేదు.

"పేరు," అన్నాడు నేల చూస్తూ.

"బ్రహ్మచారి."