రా అన్న మాట

సాయంత్రం కరెంటు పోయింది. శాంతి నగర్‌లో మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయేసరికి గల్లీలో యాదయ్య పికప్ బండి చప్పుడొక్కటే మిగిలింది. సెల్ఫ్ కొడితే కిర్రు కిర్రుమని తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. పక్క సీట్లో ఏడేళ్ల కూతురు సోనాలి జ్వరంతో మూలుగుతోంది. వానకు రోడ్ల నిండా నీళ్లు, ఆటోవాడెవడూ రానన్నాడు. ఈ బండి లేస్తేనే బిడ్డ డాక్టరు దగ్గరికి చేరేది.

"ఆగన్నా, గట్ల తిప్పితే బ్యాటరీ పడిపోతది," అన్నాడు మిస్త్రీ భూషణ్, బానెట్ కింద తలపెట్టి. డీజిల్ వస్తోంది. ఫిల్టరు కొత్తది. ఫిల్టరు బోల్టు వదులు చేసి, దాని మీది చిన్న చేతిపంపు కొడితే ఒక్క బుడగా రాలేదు, పైపులో గాలి లేదన్నమాట. హీటర్ ప్లగ్గులూ వేడెక్కుతున్నాయి. "బండిల ఏం ఖరాబు లేదు. ఎందుకు లేస్తలేదో నాకైతే సమజైతలేదన్నా."

యాదయ్యకు తెలుసు. నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు.

పోయిన నెల భార్య మల్లవ్వను శ్మశానానికి తీసుకుపోయింది ఈ బండిలోనే. ఆ రోజూ ఇట్లాగే మొరాయిస్తే, అలవాటు చొప్పున స్టీరింగ్ నిమిరి "రా తల్లీ, రా" అని బతిమాలాడు. వెనక శవం పక్కన కూర్చున్న అక్క లస్మవ్వ నెత్తి కొట్టుకుంది. "పోయేదాన్ని పట్టుకుని రా అంటవారా? నీ నోరు పడిపోను!" శవం ముందు ఆ మాట అనకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. బండి మాత్రం ఆ క్షణమే అందుకుంది.

అప్పటి నుంచీ రా అంటేనే లేస్తుంది. లేచాక పక్క సీట్లోంచి మల్లవ్వ తల కుంకుడుకాయల వాసన, మగ్గాల నూలు దుమ్ముకు ఆమెను పట్టుకున్న ఆ పొడి దగ్గు. యాదయ్యకు భయం వేసేది కాదు, ఏడుపొచ్చేది. పని లేకపోయినా బండి తీసి, కడుపునిండా ఏడ్చి ఇంటికొచ్చేవాడు పిచ్చి మనిషి. తప్పని తెలియక కాదు, ప్రాణం ఒప్పుకోక.

ఇవాళ ఆ మాట గొంతు దాటలేదు. పక్క సీట్లో బిడ్డ ఉంది.

మళ్లీ తిప్పాడు. కిర్రు... కిర్రు... ఆగిపోయింది.

ఎవరో దగ్గారు. సోనాలి కాదు.

"నాయినా..." సోనాలి గుసగుసలాడింది. "అమ్మ జర్ర జరుగుమంటున్నది."

 యాదయ్య సోనాలి పక్కనున్న ఖాళీ చోటు వైపు చేతులు జోడించాడు. ఇన్నాళ్లూ పిలిచిన నోటితో ఈ మాట అనాల్సి వచ్చినందుకు గుండె తరుక్కుపోయింది.

"పో... మల్లవ్వా. నీకు దండం పెడ్త... ఇగ పో."

మళ్లీ తిప్పితే ఇంజిన్ ఒక్కసారిగా అందుకుంది. "హో గయా!" అని అరిచి భూషణ్ బానెట్ మూశాడు. దగ్గు లేదు. వాసన లేదు. యాదయ్య కళ్లు తుడుచుకుని గేరు వేశాడు.

అప్పుడు... చెవి పక్కనే... బజారుకు పోయేటప్పుడు చెప్పినంత మామూలుగా మల్లవ్వ చెప్పింది.

"పోయొస్తం."

పోయొస్త అనలేదు. పోయొస్తం అన్నది.

సోనాలి మూలుగు ఆగిపోయింది. కళ్లు మూసుకునే ఉంది. ఒక చెయ్యి మాత్రం, ఎవరో వేలు పట్టుకుని నడిపిస్తున్నట్టు, గాలిలోకి లేచి ఉంది.