కాగితం మీద లేని అరంగుళం

పాలు పొంగకముందే పొంగుతాయేమోనని పొయ్యి దగ్గర కాపలా కాసే మనిషి ఆవిడ. ఆ ఉదయం కూడా గిన్నె మీదనుంచి చూపు తిప్పకుండా నిలబడి ఉండగా, కూతురు ఫోను పట్టుకుని వంటగదిలోకి దూసుకొచ్చింది. చిన్నప్పుడు తల్లి వెంట వదలకుండా తిరిగినందుకు ఇంట్లో దాని పేరు తోక. ఇరవై రెండేళ్లొచ్చినా ఆ పేరు పోలేదు.

"అమ్మా, కళ్లు మూసుకో!"

"ఎందుకే? ఎవరికేమైంది?"

"అబ్బా, ఎవరికీ ఏమీ కాలేదు. ఇది చూడు!"

అది వీధి ఆడవాళ్ల కుట్టుపని బృందం వెబ్‌సైటు. ఇన్నాళ్లూ అందులో సమావేశాల తేదీలు తప్ప ఏమీ ఉండేవి కావు. వారం రోజులు కూర్చుని తోక దాన్ని కొత్తగా తీర్చిదిద్దింది. ఇకపై సభ్యులు తమ పనితనాన్ని అందులో పెట్టుకోవచ్చు. మొట్టమొదటి పేజీలో అమ్మ గీసిన పాప గౌను కటింగు కాగితం ఉంది.

ఆవిడ పాలగిన్నె సంగతే మరిచిపోయింది. "నన్నొక్క మాట అడిగావా?"

"అడిగితే వద్దంటావు. ఎవరేమంటారో, ఎక్కడ తప్పొస్తుందో అని వంద చెప్తావు. ముప్పై ఏళ్లు కుట్టి పనితనమంతా ట్రంకు పెట్టెలో దాచుకుంటే ఎవరికమ్మా లాభం? ఇవాళ పదింటికి నలభై మంది, ఎవరింట్లో వాళ్లు, ఈ కాగితం చూసి ఒకేసారి గుడ్డ కత్తిరించబోతున్నారు తెలుసా!"

"నలభై మందా!"

ఆవిడ ఫోను లాక్కుని గీతలన్నీ వేలితో తడిమింది.

"కొంప ముంచావు కదే! ఇందులో కుట్టుకు వదిలే అరంగుళం లేదు."

కాగితం మీద ఆవిడ ఎప్పుడూ అసలు కొలతే గీసేది. కుట్టులోకి పోయే భాగాన్ని గుడ్డ మీద చిటికెన వేలు ఆనించి చేత్తోనే కలుపుకునేది. అది కాగితానికి తెలియదు, తోకకూ తెలియదు.

"ఇలాగే కత్తిరిస్తే ఏ పాపకీ పట్టదు. నలభై గుడ్డలు పాడు! భయపడితే నవ్వుతారు మీరంతా. భయం ఊరికే వస్తుందా?"

వెనకాల పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఆవిడ తిరిగి చూడలేదు.

"తీసేస్తానమ్మా," అంది తోక. "మొత్తం తీసేస్తా."

వారమంతా నిద్రలేక ఎర్రబడ్డ ఆ కళ్లు చూసేసరికి ఆవిడ కోపం సగంలో ఆగిపోయింది. గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది.

"తీసేస్తే ఏం లాభం? ఈపాటికి అందరూ కాగితాలు ప్రింటు తీసుకునే ఉంటారు. పద, ఫోను పట్టుకో. నా ముఖం వద్దు, చేతులు చాలు."

బల్ల మీద గుడ్డ పరిచి, కాగితం పెట్టి, అంచున చిటికెన వేలు ఆనించి సుద్దతో గీసింది. మొదటి గీత వంకరపోతే తుడిచి మళ్లీ గీసింది. "తప్పు నాదేనమ్మా, ఇంత వదిలి కత్తిరించండి," అంది. పావు తక్కువ పదికి వీడియో పేజీలో ఎక్కింది, నలభై ఫోన్లకూ కబురు వెళ్లింది.

వెంటనే ఫోను మోగింది. బృందానికి పెద్ద అయిన నర్సక్క.

"కత్తెర తెరిచి కూర్చున్నానే తల్లీ, నీ వేలు చూసి ఆగాను! అయినా నీ వేలు సన్నం, నాది రోకలిబండ. టేపు కొలత చెప్పు!"

"అరంగుళం అక్కా, అరంగుళం!" అని ఆవిడ అరుస్తుంటే, తోక పకపకా నవ్వుతూ అదీ పేజీలో రాసేసింది.

సాయంత్రానికి ఫొటోలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. ఒకదానికి మెడ వంకర, ఒకదానికి చేతులు పొట్టి. కానీ పట్టని గౌను ఒక్కటీ లేదు. ఆవిడ అన్నీ చూసి కళ్లు తుడుచుకుంది.

"మళ్లీ ఏమైందమ్మా?"

"ఆ కొలతలు ఎవరివనుకున్నావే? నీవే. నడక నేర్చిన రోజుల్లో నీకు కుట్టిన మొదటి గౌను కాగితం అది."

తోక చిన్నప్పటిలాగే వచ్చి తల్లి నడుము చుట్టేసింది.

"సర్లే, వదులు," అంటూ ఆవిడ ట్రంకు పెట్టె తెరిచి కాగితాల కట్ట బయటికి తీసింది. "ఇవీ పెట్టు. అన్నీ నేను చూశాకే!"