ఆరో అంతస్తులో నీలం చెప్పులు

ఆ ఉదయం ఆకాశం ఆకాశంలో లేదు. డాన్యూబ్ నది మీదికి దిగిపోయింది. అక్కడి నుంచి పొగమంచై పాక్కుంటూ వచ్చి, రూసే ఊరి చివరి సిమెంటు బ్లాకులను ఒక్కో అంతస్తే మింగుతోంది.

ఏడూ ఇరవై.

ఆరో అంతస్తు, పద్దెనిమిదో నంబరు ఫ్లాట్.

టక్...

నెవెనా చేతిలో కాఫీ కప్పు గాలిలోనే ఆగిపోయింది.

తాళంలో చప్పుడు!

బయటి నుంచి ఎవరో తాళంచెవి పెడుతున్నారు. వెతుకులాట లేదు, తడబాటు లేదు. వేలసార్లు తీసిన చెయ్యి తీస్తున్నట్టు... నెమ్మదిగా, అలవాటుగా తిరుగుతోంది.

ఆ తలుపుకి తాళంచెవులు మూడే.

ఒకటి గోడకున్న మేకుకి వేలాడుతోంది. అది నెవెనాది.

రెండోది ఇంటి ఓనరు స్తామెన్ జేబులో ఉంటుంది.

మూడోది... గురువారం దొంగతనం జరిగాక పోలీసు సార్జంట్ అడిగితే స్తామెన్ తల దించుకుని చెప్పాడు. "మూడోది మా అమ్మ మెడలోనే ఉండిపోయింది సార్. తాడుతో కట్టుకునేది. దాంతోనే పాతిపెట్టాం."

తలుపు కదిలింది!

జానెడు తెరుచుకుని ఆగిపోయింది. నిన్ననే బిగించిన గొలుసు బిర్రుగా బిగుసుకుంది. ఆ సందులోంచి బూడిదరంగు ఊలు గ్లౌజు వేసుకున్న నాలుగు వేళ్ళు లోపలికి వచ్చాయి. గొలుసుని తడిమాయి. ఇదేమిటి కొత్తగా, అన్నట్టు.

"ఎవరది!"

వేళ్ళు మాయం.

లిఫ్టు తలుపు దభీమంది.

నెవెనా కుట్టుమిషను మీది పెద్ద కత్తెర అందుకుంది. పరదాలు కత్తిరించే కత్తెర. గొలుసు తీసి మెట్ల మీదికి దూకింది.

పరుగు!

ఈ దొంగ దొరక్కపోతే సాయంత్రానికి ఆమె రోడ్డు మీద ఉంటుంది. స్తామెన్ నిన్న ఫోన్లో తేల్చేశాడు. "తలుపు పగల్లేదు, తాళం విరగలేదు. అంటే తెరిచింది నువ్వే, లేకపోతే నీవాళ్ళు. రేపు వస్తాను. కాగితం మీద సంతకం పెట్టి ఖాళీ చెయ్."

ఐదో అంతస్తు. పెనా పిన్ని తలుపు బార్లా తీసి ఉంది. లోపల గోధుమలు ఉడుకుతున్న వాసన.

"ఏమైందే పిల్లా, కత్తెర పట్టుకుని ఆ పరుగేంటి!"

"దొంగ పిన్నీ! మళ్ళీ వచ్చాడు!"

"ఓరి దేవుడో! నా గిన్నె పొయ్యి మీదుంది, లేకపోతేనా..."

మూడో అంతస్తు. పక్కనే గొట్టంలో లిఫ్టు మూలుగుతూ దిగుతోంది. ముసలి లిఫ్టు. ఆమెకన్నా అరంతస్తే ముందుంది.

పోయినవేంటి? అదే అర్థం కాలేదు గురువారం. కుట్టుమిషను ఉంది. ల్యాప్‌టాప్ ఉంది. చెవిదిద్దులు సబ్బుపెట్టె పక్కనే ఉన్నాయి. పోయినవన్నీ స్తామెన్ వాళ్ళమ్మవి. గోడమీది సెయింట్ నికోలస్ పటం, కాఫీ కాచే రాగి గిన్నె, సొరుగులోని పాత కళ్ళజోడు.

చచ్చిపోయిన మనిషి కళ్ళజోడు ఏ దొంగకి కావాలి?

రెండో అంతస్తు.

ఇంకొకటి కూడా ఉంది. దాన్ని తలుచుకునే రెండు రాత్రులుగా ఆమె దీపం ఆర్పకుండా పడుకుంది.

గుమ్మం దగ్గరి అరలో ఆ ముసలావిడ ఇంట్లో తొడుక్కునే నీలం ఊలు చెప్పులు అట్టడుగున ఉండేవి. గురువారం ఇంటికొచ్చేసరికి అవి వంటగదిలో ఉన్నాయి. బల్ల కింద, కిటికీ పక్క కుర్చీ ముందు. జతగా. ఆ కుర్చీలో ఎవరో కూర్చుని లేచి వెళ్ళినట్టు. ఆమే వాటిని మళ్ళీ అరలోకి నెట్టేసింది.

కిటికీలో జెరేనియం కుండీ తడిగా ఉంది. ఎవరో నీళ్ళు పోశారు.

సార్జంట్ నేలంతా చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. "బయట బురద, లోపల ఒక్క మరక లేదు! దొంగ బూట్లు విప్పి చెప్పులు తొడుక్కున్నాడమ్మా! ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత పద్ధతైన దొంగని చూళ్ళేదు. మా ఆవిడకి తెలిస్తే నన్ను వాడి దగ్గర ట్యూషన్‌కి పంపుతుంది."

అందరూ నవ్వారు. నెవెనాకి నవ్వు రాలేదు.

కింది అంతస్తు!

లిఫ్టు తలుపు తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు.

వీధి గుమ్మం దగ్గర ఒక ఆకారం. గోధుమరంగు కోటు, తలకి గుడ్డ. వీపు ఇటువైపు ఉంది.

పారిపోవడం లేదు!

నిలబడి గోడకేసి చూస్తోంది. అక్కడుంది ఒక్కటే, శ్రద్ధాంజలి కాగితం. ఎవరింట్లో మనిషి పోతే ఆ ఇంటి గుమ్మానికి ఫోటో వేసి అంటిస్తారు. నలభయ్యో రోజుకొకటి, ఆరో నెలకొకటి, ఏడాదికొకటి... వెలికా, డెబ్బై ఎనిమిదేళ్ళు, పద్దెనిమిదో ఫ్లాట్. వానకి తడిసి వెలిసిపోయిన ఆ ముఖాన్ని నెవెనా రోజూ చూస్తూనే వస్తోంది, పోతోంది. ఆవిడ మంచం మీదే పడుకుంటోంది.

"ఏయ్! కదలొద్దు!"

ఆకారం తిరిగింది.

ముక్కు మీద పాత కళ్ళజోడు.

ఆ వెనక... గోడమీది ముఖం!

అదే నుదురు. అవే పల్చటి పెదాలు. ఎడమ కనుబొమ మీద అదే గాటు.

ముఖం పక్కన ముఖం. ఒకటి కాగితం. ఒకటి ఊపిరి వదులుతోంది... ఆ ఊపిరి చలికి తెల్లగా కనిపిస్తోంది.

కత్తెర నేలమీద పడి ఖణేల్‌మంది.

ముసలావిడ తలుపు నెట్టుకుని మంచులోకి వెళ్ళిపోయింది.

నెవెనా కాళ్ళు కదలడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకే తెలియదు. కదిలాక బస్టాపు వరకూ పరుగెత్తింది. తీగల కింద ట్రాలీబస్సు వెళ్ళిపోతోంది. దాని వెనక ఎర్రలైట్లు రెండు కాసేపు కనిపించి మాసిపోయాయి. బస్టాపులో ఎవరూ లేరు. ఉన్నా ఆ మంచులో కనిపించరు.

తిరిగొచ్చింది.

గుమ్మం దగ్గర ఆగిపోయింది. గోడమీద ముఖం మారింది! వెలిసిపోయిన కాగితం మీద కొత్త కాగితం. నల్లటి, తాజా అచ్చు. జిగురు ఇంకా ఆరలేదు.

'ఆరు నెలలైంది నీవు లేక. శోకతప్తుడైన కుమారుడు స్తామెన్.'

అంటే అతను వచ్చేశాడు.

పైకి వెళ్ళేసరికి వంటగదిలో కూర్చుని ఉన్నాడు. యాభై ఐదేళ్ళ మనిషి, గుబురుమీసం. బూట్లు విప్పలేదు. గుమ్మం నుంచి బల్ల దాకా తడి అడుగులు.

"తలుపులు బార్లా తెరిచి ఊరేగుతున్నావే! మళ్ళీ దొంగలు పడ్డారంటావు," అన్నాడు. బల్లమీద కాగితం పరిచి పెన్ను దానిమీద పెట్టాడు. "ఇదిగో. నీ అజాగ్రత్త వల్లే పోయాయని రాశాను. సంతకం పెట్టు. మధ్యాహ్నానికి సామాను దించెయ్."

"స్తామెన్ గారూ, నేను దొంగని చూశాను."

"పట్టుకున్నావా మరి?"

"మీ అమ్మగారిని చూశాను."

పెన్ను దొర్లి కింద పడింది. అతను దాన్ని తియ్యలేదు.

నెవెనా అతని ముఖాన్నే చూస్తోంది. దయ్యం అంటే జనం ముందు నవ్వుతారు, లేకపోతే శిలువ గుర్తు వేసుకుంటారు. స్తామెన్ రెండూ చెయ్యలేదు. ఠక్కున కిటికీలోంచి కిందికి చూశాడు! వీధిలోకి!

దయ్యం కోసం ఎవరూ వీధిలోకి చూడరు...

"పొగమంచులో ముసలాళ్ళంతా ఒకేలా ఉంటారు," అన్నాడు. "సంతకం పెట్టమన్నానా!"

"మూడో తాళంచెవి ఎక్కడుంది?"

"చెప్పాగా. గోతిలో!"

"ఏ ఊళ్ళో గొయ్యి?"

"నీకెందుకు!"

"నాక్కూడా చెప్పవేరా?" వెనకనుంచి గొంతు. పెనా పిన్ని. రెండు చేతులా పెద్ద పళ్ళెం. ఉడికిన గోధుమలు, వాటి మీద పంచదార పొడి, నడుమ వాల్‌నట్ ముక్కలతో శిలువ గుర్తు. "ఆర్నెల్లుగా అడుగుతున్నా. పువ్వులు తీసుకెళ్తానంటే ఊరు మర్చిపోతావు. బండి మాట్లాడుకుంటానంటే దారి బాగోలేదంటావు. నలభై ఏళ్ళు పైనా కిందా బతికాం. నువ్వు పాలపళ్ళతో ఉన్నప్పట్నుంచీ ఎరుగుదును నిన్ను. మీ అమ్మ పేర పంచే ఈ గోధుమలు కూడా మీ ఆవిడ ఉడికించదు, నేనే ఉడికించాలి. ఏ ఊర్రా?"

స్తామెన్ నోరు తెరిచాడు.

టక్...

తాళంలో చప్పుడు!

ముగ్గురూ అటు తిరిగారు.

గొలుసు వెయ్యలేదు. నెవెనాకి అది ఇప్పుడు గుర్తొచ్చింది.

తలుపు తెరుచుకుంది. మూసుకుంది. నడవాలో ఎవరో ఆయాసపడుతూ వంగారు. ఒక బూటు... రెండో బూటు. అర కిర్రుమంది.

కాసేపు ఏమీ లేదు.

తర్వాత ఊలు చెప్పులు నేలమీద ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు.

పెనా పిన్ని చేతుల్లో పళ్ళెం ఒరిగింది. గోధుమగింజలు నాలుగు జారి నేలమీద పడ్డాయి. "దేవుడా... దేవుడా..."

గుమ్మంలో వెలికా నిలబడింది. నీలం చెప్పులు. మెడలో తాడు, దానికి తాళంచెవి. చేతిలో తడి కాగితం. జిగురు ఆరకముందే ఊడబెరికిన కాగితం.

కొడుకునే చూస్తోంది.

"పైపులు బాగయ్యాయిరా?"

స్తామెన్ లేవబోయి కూలబడ్డాడు.

"పైపులు పగిలాయి, బాగయ్యేదాకా అక్కడుండమ్మా అని వదిలిపెట్టావు. వృద్ధాశ్రమంలో. ఏడుగురికో గది. శీతాకాలమంతా ఎదురుచూశాను. పైపులు ఎంతకీ బాగవ్వవేమని గురువారం సంత బస్సెక్కి నేనే వచ్చాను. కళ్ళజోడు ఇక్కడే మర్చిపోయాను కదా, కింద గోడమీద ఏముందో ఆ రోజు కనబడలేదు. కళ్ళజోడు, పటం, గిన్నె సంచిలో వేసుకుని పోయాను. ఈ పూట చెప్పుల కోసం వస్తే లోపల ఎవరిదో గొంతు, బెదిరి దిగిపోయాను. ఆ గదిలో నేల ఐసుముక్కరా..."

ఆగింది. కాగితం ఎత్తి చూసింది.

"ఈ పూట కళ్ళజోడు ఉంది."

"అమ్మా..."

"బస్టాపులో కూర్చున్నాను. బస్సు వచ్చింది. ఎక్కలేదు. చచ్చిపోయినదాన్ని ఇంకా ఎక్కడికి పోవాలా అనుకున్నాను."

"ఆశ్రమంలో పెట్టానని చెప్పలేకపోయానమ్మా!" స్తామెన్ గొంతు పిల్లాడిలా చీరుకుపోయింది. "రోజూ అడిగేవాళ్ళు. మెట్ల మీద, లిఫ్టులో. అమ్మేది, అమ్మని ఏం చేశావు అని. పోయిందన్నాను. అంతే! తర్వాత ఎవరూ అడగలేదు. భుజం తట్టారు. ఒక కాగితం వేశాక నలభయ్యో రోజుది వెయ్యకపోతే అనుమానపడతారని..."



వెలికా నెవెనా వైపు తిరిగింది. "గొలుసు పెట్టింది నువ్వేనా?"

"అవునమ్మా."

"మంచి గొలుసు. మిషను నీదేనా?"

"నాదే."

"గురువారం చూశాను. దారం తెగిపోయి ఉంది. నూనె వెయ్యి, తెగదు." కిటికీ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇల్లు నాది. నువ్వెక్కడికీ పోవు. నాకు చిన్నగది చాలు. రాత్రుళ్ళు మిషను చప్పుడు వినపడితే మంచిదే. అక్కడ రాత్రుళ్ళు ఏడుపులు వినపడేవి."

నెవెనా గోడకి ఆనుకుంది.

"పెనా, ఆ పళ్ళెం అలా పట్టుకుని ఎంతసేపు నిలబడతావు? నాకోసమే కదా ఉడికించావు?"

పెనా పిన్ని పళ్ళెం ముందుకు చాచింది, అంతే. వెలికా శ్రద్ధాంజలి కాగితాన్ని బల్లమీద వేసి, పళ్ళెం అందుకుని, స్తామెన్ అంతకుముందే పరిచిన కాగితం మీద పెట్టింది. పళ్ళెం అడుగు తడి అక్షరాల్లోకి ఇంకింది. సంతకం కోసం గీసిన గీత ఉబ్బి, అలుక్కుపోయింది.

నాలుగు చెంచాలు తెచ్చింది నెవెనా.

ఈ గోధుమలు వద్దనకూడదు. పోయినవాళ్ళ పేరు తలుచుకుని, దేవుడు క్షమించుగాక అని, తినాలి. ఆ మాట ఎవరు అనాలో ముగ్గురికీ తెలియలేదు.

వెలికాయే అంది. కొడుకు కళ్ళలోకి చూస్తూ.

"దేవుడు క్షమించుగాక."

మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది. నమిలింది. "పంచదార తగ్గింది, పెనా. నా చావుకి కూడా పిసినారితనమేనా?"

ఎవరూ నవ్వలేదు.

స్తామెన్ చెంచా ఎత్తాడు. దించాడు. కిందికి, తన బూట్ల వైపు చూసుకున్నాడు. లేచి నడవాలోకి వెళ్ళాడు. బూట్లు విప్పుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. ఒట్టి మేజోళ్ళతో తిరిగొచ్చి, తన తడి అడుగుల మీదే నడుస్తూ, కూర్చున్నాడు.

కిటికీ అవతల ఇంకా ఆకాశం లేదు.

నలుగురూ తింటున్నారు. చెంచాలు పళ్ళేన్ని తాకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పళ్ళెం పక్కన తడి కాగితంలోంచి ఐదో ముఖం వాళ్ళనే చూస్తోంది.

దాన్ని తియ్యడానికి ఎవరికీ చెయ్యి రావడం లేదు.