అయిదో క్యాన్

ఉదయం 10.40. పాత బ్యాటరీల షెడ్డు.

పోయింది ఒక తెల్ల ప్లాస్టిక్ క్యాన్. పట్టుమని పది లీటర్లు పట్టదు. దానికోసం షెడ్డు ఓనరమ్మ ఇన్‌స్పెక్టర్ కాళ్ల మీద పడబోయింది.

"దొంగ దొరక్కపోయినా ఫర్వాలేదు మేడమ్! క్యాన్ దొరికితే చాలు. ఎవరైనా తాగితే..."

"తాగడమేంటమ్మా?"

"ఫోన్ బ్యాటరీల్లోని నల్లపొడిలో నారింజ తొక్కల పొడి, నిమ్మ ఉప్పు వేసి మరిగిస్తాం. లోహాలన్నీ నీళ్లలోకి దిగుతాయి. వడగడితే ఎర్రగా, నారింజ వాసనతో అచ్చం జ్యూసే. విషం మేడమ్!"

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ తీసింది. "ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"తొమ్మిదిన్నరకి. తొక్కలు ఎండబెట్టే డ్రైయర్ పక్కన."

"తర్వాత ఎవరొచ్చారు?"

"జ్యూస్ షాపాయన. రోజూలాగే అయిదు క్యాన్ల తొక్కలు తెచ్చి, ఖాళీ క్యాన్లు పట్టుకెళ్లాడు. ఆయనకేం పని? ఇది వీడి పనే!"

ఆవిడ వేలు పక్కనే ఉన్న తన తమ్ముడి వైపు తిరిగింది. వస్తువు పోతే ముందు అనుమానం ఇంట్లోవాడి మీదే కదా.

"ఒట్టక్కా, నేను తియ్యలేదు!" తమ్ముడు ముందుకొచ్చాడు. "తొక్కల జిగురు ఎండిపోకుండా ఖాళీ క్యాన్లలో సగందాకా నీళ్లు పోసి, ఆయన ఆటో ఎక్కించానంతే."

"ఎన్ని?"

"అయిదు. లెక్కపెట్టే ఎక్కించా."

ఇన్‌స్పెక్టర్ డ్రైయర్ పక్కనున్న క్యాన్ మూత తీసింది. నిండా పచ్చి తొక్కలు.

"వచ్చినవి అయిదు. ఒకటి ఇంకా ఖాళీయే చెయ్యలేదు. మరి ఆటో ఎక్కిన అయిదోది ఏది? మూతేసి ఉన్నదాంట్లో ముందే నీళ్లు పోశాననుకుని ఉంటాడు. అన్నిట్లోనూ నీళ్లుంటే బరువుకి అనుమానమెందుకొస్తుంది? అమ్మా, ఆ ఎర్ర నీళ్లు మీరు దేంట్లో పోశారు?"

ఓనరమ్మ ఫోన్ అందుకుంది. "సీసాలు చాల్లేదు... ఆయన క్యానే ఒకటి అడిగి ఉంచుకున్నా."

షాపాయనకి ఫోన్ చేశారు. ఎత్తలేదు. మళ్లీ చేశారు. ఎత్తలేదు. జీపు ఎక్కారు.

11.02. జ్యూస్ షాపు. షాపాయన చేతిలో ఎర్రటి గ్లాసు నోటిదాకా వెళ్లింది. జీపు ఆగకముందే దూకిన ఓనరమ్మ గ్లాసు లాగి పారేసింది.

"అమ్మయ్య!" అన్నాడు తమ్ముడు.

షాపాయన తెల్లబోయాడు. "ఏంటమ్మా ఇది? మీరు రసం పంపారనుకున్నాం. అదోలా ఉందని మా ఆవిడంటే, నేనూ రుచి చూద్దామని..."

"మీ ఆవిడేది?"

లోపల్నుంచి వాంతుల చప్పుడు.

ఇన్‌స్పెక్టర్ అంబులెన్స్‌కి ఫోన్ కలిపింది. ఓనరమ్మ లోపలికి పరిగెత్తి ఆవిడ తల పట్టుకుంది.

"నేనే పోశానమ్మా... క్యాన్ మీద ఒక్క ముక్క రాయలేదు. పొద్దుణ్ణుంచీ తమ్ముణ్ణి దొంగన్నాను. నేనేనమ్మా, నేనే!"

ఆవిడకి ఆ మాటలు వినపడుతున్నట్టు లేవు.