ట్వీటర్లో పిలిచిన గొంతు

చింతపల్లి ఘాట్‌లో పాడుబడ్డ కాఫీ గోదాము దగ్గరి మలుపంటే ఎంతటి మొండిఘటానికైనా గుండె దడే. చీకటి పడ్డాక అక్కడ ఎవరో ఆడమనిషి పేరు పెట్టి పిలుస్తుందట. మెల్లగా... చెవి పక్కనే ఉన్నట్టు. పలికారా — అంతే సంగతులు! లారీల వాళ్లయినా, జీపుల వాళ్లయినా అక్కడ పాట కట్టేసి, నోరు మూసుకుని దాటాల్సిందే.

అలాంటి చోట ఆ రోజు ఫల్గుణ పాట వేశాడు. వేయక ఏం చేస్తాడు? కొత్త ట్వీటర్లాయె!

అతని షేర్ కారుకి కంపెనీ ఇచ్చిన స్పీకర్లు పాటని దుప్పటి కప్పి పాడించేవి. ఆ పూటే నర్సీపట్నంలో నరేష్ కార్ల సౌండు కొట్టుకెళ్లి, ముందద్దం పక్కన అటొకటి ఇటొకటి సన్నటి చప్పుళ్లు కూడా పలికించే చిన్న స్పీకర్లు, ట్వీటర్లు పెట్టించాడు. ఇక చూడాలి సంబరం! పాటలో గాజుల గలగల కూడా విడిగా వినబడుతుంటే ఘాట్ పొడుగునా తల ఊపుతూనే ఉన్నాడు.

ఆ ఊపంతా పైకే. లోపల ఏడుపే. పక్క సీట్లో ఉన్నది వాళ్ల ఊరి మంగ్లు. అతని కూతురు రాజకుమారి అంటే ఫల్గుణకి ప్రాణం. ఆ ముక్క ఎవరితోనూ అనలేదు, ఆ పిల్లతో కూడా. తెల్లారితే పొరుగూరి వాళ్లు సంబంధం ఖాయం చేసుకోడానికి వస్తున్నారు. మంగ్లు ఒళ్లో ఉన్నది అందుకు కొన్న చీరే.

మిగతా జనం కింద ఊళ్లోనే దిగిపోయారు. మలుపు దగ్గరపడింది. మంచు కమ్మేసింది...

"పాట కట్టీరా," గొంతు తగ్గించి అన్నాడు మంగ్లు.

"కొండదేవత పాట ఏత్తాను బాబూ. ఏ దెయ్యమూ దగ్గరికి రాదు."

చైత్రంలో ఇటుకల పండక్కి ఊరి ఆడవాళ్లు వరసకట్టి థింసా ఆడుతుంటే తన ఫోన్లో పట్టిన పాట అది. ఆ ఫోను సరిగ్గా రాజకుమారి వెనక అరుగు మీదే ఎందుకు పెట్టాడో మనం అడక్కూడదు.

డప్పులు మోగాయి. మంచులోంచి గోదాము గోడ బయటపడింది. అంతే — డప్పులు ఠక్కున ఆగిపోయాయి.

"ఫల్గుణ..."

ఆడగొంతు! చెవి పక్కనే ఉన్నట్టు!

"పలక్కు!" మంగ్లు అతని మోకాలు గట్టిగా పట్టుకున్నాడు.

ఘల్... ఘల్... అందెల చప్పుడు.

"ఓ ఫల్గుణా..."

బ్రేకు తొక్కాడో, క్లచ్చు వదిలేశాడో — ఇంజను ఆగిపోయింది. గొంతు ఆగలేదు. కిసుక్కున నవ్వింది కూడా! వెంటనే ఇంకో ఆడగొంతు.

"ఊరుకోయే నీలవేణీ, మా అయ్య ఇంటాడు! ఆడు అడిగితే నాను కాదంతానా? ఆడికి నోరుండాల గదా!"

దబదబా డప్పులు మళ్లీ అందుకున్నాయి.

వాయించేవాళ్లు డప్పులు మంట దగ్గర కాచుకోడానికి ఆగిన కాసేపట్లో, ఆడుతున్న పిల్లల గుసగుసలవి — నీలవేణి ఫల్గుణ పేరుతో ఆటపట్టిస్తుంటే రాజకుమారి ఇచ్చిన జవాబు. ఇన్నాళ్లూ కంపెనీ స్పీకర్లు మింగేశాయి. ట్వీటర్లు కక్కేశాయి.

ఫల్గుణకి ఎగిరి గంతెయ్యాలనుంది. కానీ పక్కన మంగ్లు! అతని మొహం చూడ్డం కంటే దెయ్యాన్ని చూడ్డమే నయమనిపించింది.

"మళ్లీ ఎయ్," అన్నాడు మంగ్లు.

వేశాడు. ఇద్దరూ విన్నారు.

"మా గుంట గొంతే. ఈ సంబందం గురించి నానడిగితే 'నీ ఇట్టం అయ్యా' అని తల దించుకుంది. దానికి సిగ్గు. నీకేటైందిరా, నోట్లో అంబలి పెట్టుకున్నావేటి?"

"బయమేసింది..."

"దేనికి?"

"నీకే."

మంగ్లు ఆ చీకట్లో, ఆ గోదాము ముందు, పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

"ఏటలా సూత్తన్నావు? బండి తియ్. పొద్దున్నే మీ అమ్మని మాయింటికి తోలుకురా. ఆళ్లకంటే బేగి రావాల."

"అలాగే మావా!"

ఆ మాట నోట్లోంచి ఎలా జారిందో ఫల్గుణకే తెలీదు. మంగ్లు మాత్రం కాదనలేదు.