గోడ మీద కొరికిన రొట్టె

నోజిమా ఆ ఇంటికి వెళ్ళింది తందూర్ పొయ్యి చేయించుకోవడానికి. గొడవ పెట్టుకోవడానికి కాదు. గొడవ దానంతటదే వచ్చింది.

నోజిమా ఉండేది పిన్ని జులైఖా ఇంట్లో. ఆ ఇంటి పొయ్యి నిలువునా పగిలింది. మర్గిలాన్‌లో ఆ వీధి మొత్తానికీ పొద్దున్నే వేడి రొట్టె అందేది ఆ పొయ్యిలోంచే. "పొయ్యిలు చేసే నోర్మత్ ఉస్తా బతికుంటే మనకీ తిప్పలుండేవా! ఆయన చేసిన పొయ్యి ఒక్కటుంటే జీవితం వెళ్ళిపోయేది. పోయాడు మహానుభావుడు. కొడుకున్నాడు, దవ్రోన్ అని. వెళ్ళి అడిగి చూడు," అంది పిన్ని.

ఆ కొడుకు ద్రాక్ష పందిరి కింద అరుగు మీద దిండుకి చేరబడి టీ తాగుతున్నాడు.

"పొయ్యి కావాలి," అంది నోజిమా.

"చేద్దాం. ఇన్షాఅల్లా."

"ఎప్పుడు?"

"వసంతం రానివ్వండి."

"ఇప్పుడున్నది వసంతమేగా!"

దవ్రోన్ తలెత్తి పందిరి చూశాడు. లేతాకుల్ని అప్పుడే గమనించినట్టున్నాడు. "అయితే వచ్చే వసంతం."

నోజిమాకి ఒళ్ళు మండింది. "బద్ధకానికి దేవుడి పేరు పెట్టుకున్నవాణ్ణి మిమ్మల్నే చూశాను. 'నువ్వు కదులు, నీ పనిలో బరకత్ నేనిస్తా' అన్నాడు పైవాడు. ముందు మనల్ని కదలమన్నాడు! మా తాత ఈ మాట చెప్పే మమ్మల్ని తెల్లారకుండా లేపేవాడు."

"మీ తాతగారిది ఏ ఊరు?"

"కోకంద్. ఏం?"

"హమ్మయ్య, దూరమే."

నవ్వొచ్చింది, కానీ నవ్వితే ఓడిపోయినట్టని నోజిమా మొహం తిప్పుకుంది. అప్పుడు కనిపించింది, గోడ మీద మేకుకి వేలాడుతున్న రొట్టె. అంచు దగ్గర ఒక్క కాటు కొరికి ఉంది.

ఆ ఊళ్ళో చంటిపిల్లనడిగినా చెబుతుంది. ప్రయాణమయ్యేవాడు గడప దాటేముందు రొట్టె ఒక్క కాటు కొరుకుతాడు. తిరిగొచ్చి తినేదాకా మిగతాది గోడ మీదే ఉంటుంది. వాడి అన్నం వాణ్ణి వెనక్కి పిలుస్తుందని నమ్మకం.

"ఎవరు వెళ్ళారు?" కోపం మర్చిపోయి అడిగింది.

దవ్రోన్ నీళ్ళు నమిలాడు. "ఒకడు. ఇంకా రాలేదు."

"అయ్యో పాపం!" నోజిమా చేతులు రెండూ చాచింది. "యా అల్లా, ఆ బాటసారిని చల్లగా చూడు. ఇక్కడి మనుషుల్లా బద్ధకస్తుడై ఉండడు. క్షేమంగా ఇల్లు చేర్చు." అరచేతులతో మొహం తుడుచుకుంది.

"ఆమీన్," అన్నాడు దవ్రోన్, వినీ వినపడనట్టు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఈ పిల్లకో జబ్బుంది. ఏదైనా సంగతి సగం తెలిస్తే మిగతా సగం తేలేదాకా అన్నం సయించదు. పొయ్యి సంగతి అడిగే వంకతో మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ మళ్ళీ వెళ్ళింది.

"రష్యా వెళ్ళాడా అతను?"

"అంత దూరం పోలేదు."

"మీ అన్నయ్యా?"

"నేనొక్కణ్ణే మా అమ్మకి."

"మంచివాడేనా?"

"చెడ్డవాడైతే కాదు. కాస్త పిరికి."

"అలా అనకండి, ఊరుగాని ఊళ్ళో ఉన్నవాణ్ణి!" అని మందలించి, మళ్ళీ చేతులు చాచి దువా చేసేది. దవ్రోన్ బుద్ధిగా ఆమీన్ అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దంచింది. ఇద్దరూ వసారా చూరు కిందికి పరిగెత్తారు. భుజం భుజం తగలకుండా నిలబడటానికి ఇద్దరూ పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. ఇంతలో దవ్రోన్ "మట్టి!" అని అరిచి వానలోకి దూకాడు. పెరట్లో వాళ్ళ నాన్న ఏరి తెచ్చిపోసిన బంకమట్టి కుప్ప ఉంది. ఒంటి మీది కోటు తీసి దాని మీద కప్పి, నాలుగు వైపులా రాళ్ళు పెట్టి, తడిసి ముద్దై తిరిగొచ్చాడు.

నోజిమా మొదటిసారి అతణ్ణి తేరిపార చూసింది. పని మీద ప్రేమ లేనివాడు మట్టి కోసం ఇలా తడుస్తాడా?

ఏమనాలో తోచక, అలవాటు ప్రకారం చేతులు చాచింది. "యా అల్లా, ఆ బాటసారికి భయం పోగొట్టు. వాళ్ళమ్మ ఎదురుచూపు తీర్చు."

ఈసారి ఆమీన్ రాలేదు. దవ్రోన్ గిరుక్కున తిరిగి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

లోపల కిటికీ దగ్గర టోపీల మీద పువ్వులు కుడుతున్న దవ్రోన్ తల్లి అదోలత్ సూది పక్కన పెట్టింది. ఆ టోపీలతోనే ఇల్లు గడుస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కుట్టీ కుట్టీ.

"ఎన్నాళ్ళని దాస్తానమ్మా! ఆ రొట్టె వాడిదే."

"ఎవరిది?"

"మా దవ్రోన్‌దే. వాళ్ళ నాన్న పోయాక ఉర్గుత్ నుంచి ఆయన గురువు కబురు పెట్టాడు. రారా, మీ నాన్న నేర్పకుండా పోయింది నేను నేర్పుతాను అని. రొట్టె కొరికి బయల్దేరాడు. బస్టాండు దాకా వెళ్ళాడు, బస్సు వచ్చింది, వెళ్ళింది. వీడు పొద్దుగూకేసరికి ఇంట్లో ఉన్నాడు. 'నా చేతిలో పొయ్యి పగిలితే నాన్న పేరు పగులుతుందమ్మా' అన్నాడు. రొట్టె తినేయబోతే నేనే ఆపాను. ఎక్కడికీ వెళ్ళనివాడు ఎక్కణ్ణుంచి తిరిగొచ్చినట్టు? ఉండనీ అన్నాను."

నోజిమాకి ముందు నవ్వొచ్చింది. తర్వాత తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత వచ్చిన కోపం ముందు బయటి వాన ఏ పాటిది! ఆ వానలోనే పెరట్లోకి, దవ్రోన్ దగ్గరికి నడిచింది.

"ఎదురుగా కూచుని టీ తాగుతున్న మనిషి క్షేమంగా రావాలని నాచేత దువా చేయించావా!" కోపంలో 'మీరు' ఎటు పోయిందో పోయింది.

"చెబుదామనే అనుకున్నా. చెబితే రావడం మానేస్తావని భయం వేసింది."

"మరి పైవాడికేం చెప్పుకోను నేను?"

"ఆయన విన్నాడు. అదే నా బాధ," అన్నాడు దవ్రోన్. నీళ్ళు కారుతున్న మొహం ఎత్తాడు. "నువ్వు చేతులు చాచినప్పుడల్లా ఆయన నా వైపు తిరిగి 'నేను సిద్ధంరా, నువ్వో?' అని అడిగినట్టుండేది. భయం పోగొట్టమని అడిగావు చూడు, ఇవాళ ఆమీన్ అనలేకపోయాను. అన్నానంటే ఇక లేవాలి."

నోజిమా కోపం కాస్త తగ్గింది. "అయితే అను."

దవ్రోన్ ఒకసారి కిటికీలోంచి అమ్మ ఎర్రటి కళ్ళు చూశాడు. తర్వాత కోటు కింద మట్టిని చూశాడు. "ఆమీన్," అన్నాడు. ఈసారి వీధి దాకా వినపడింది.

ప్రయాణం రోజు పొద్దున్నే నోజిమా ఒక రొట్టె పట్టుకొచ్చింది. పగిలిన పొయ్యికి మట్టి మెత్తి కాల్చింది, ఓ పక్క మాడింది కూడా. "కొరుకు."

"నా రొట్టె గోడ మీద ఉందిగా?"

"అది మీ ఇంటి గోడ." నోజిమా నేల చూపులు చూసింది. "ఇది మా ఇంటి గోడకి."

దవ్రోన్ ఆ మాడిన రొట్టెని రెండు చేతులా అందుకున్నాడు. అర్థమయ్యేసరికి మొహం విచ్చుకుంది. బిస్మిల్లా అని పెద్ద కాటు కొరికాడు.

"అంత కొరికితే మిగిలేదేముంది?"

"తొందరగా రమ్మని అర్థం," అని పరిగెత్తాడు.

"ఎవరిదే ఈ రొట్టె?" ఆ సాయంత్రమే గోడ మీద కొత్త రొట్టె చూసి అడిగింది పిన్ని.

"ఒక బాటసారిది."

"మనింట్లో బాటసారి ఎవడే?"

ఇప్పుడు నీళ్ళు నమలడం నోజిమా వంతు. పిన్ని వెర్రిదేం కాదు. చేతులు చాచి, "యా అల్లా, ఎవడైతేనేం, పొయ్యి చెయ్యడం వచ్చినవాడై ఉండాలి," అంది. నోజిమా ఆమీన్ అన్న వేగానికి పిన్ని ముక్కున వేలేసుకుంది.

ద్రాక్షలు పండే వేళకి దవ్రోన్ తిరిగొచ్చాడు, ఎండకి నల్లబడి, చిక్కిపోయి. వాళ్ళింటి గోడ మీది రొట్టెని టీలో ముంచుకుని తిన్నాడట. వాళ్ళమ్మ పక్కన కూచుని ఏడ్చిందట. నోజిమా ఇంటికి మాత్రం రాలేదు. గొర్రె బొచ్చు కలిపి మట్టి తొక్కుతున్నాడని తెలిసింది.

మొదటి పొయ్యి ఆరుతూ ఆరుతూ ఫెళ్ళున పగిలింది. వీధంతా చూసింది. "నాన్న నాన్నే, కొడుకు కొడుకే," అన్నారు. నోజిమాకి దిగులు పట్టుకుంది. మళ్ళీ ఆ దిండు, ఆ టీ, ఆ 'వచ్చే వసంతం' మొదలవుతుందా? ఉండబట్టలేక వాళ్ళ గోడ దాకా వెళ్ళింది. అవతలి నుంచి పెంకులు చితక్కొడుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత "బిస్మిల్లా" అన్న గొంతు. ఆ తర్వాత మట్టిలో పాదాల చప్పుడు. పెంకులు నానేసి మళ్ళీ మొదటికి వచ్చాడన్నమాట. నోజిమా గోడకి ఆనుకుని తనివితీరా ఏడ్చింది, సంతోషంతోనే.

రెండో పొయ్యి నిలబడింది. బండి మీద గడ్డి పరిచి, చంటిపిల్లని తెచ్చినట్టు తెచ్చి, జులైఖా పెరట్లో దింపాడు దవ్రోన్. వెంట వాళ్ళమ్మ కూడా వచ్చింది, కొత్త శాలువా కప్పుకుని. పొయ్యి రాజేశారు. మొదటి రొట్టె బంగారు రంగులో పొంగింది.

దవ్రోన్ గొంతు సవరించుకున్నాడు. "పిన్నిగారూ, మీ గోడ మీద నాదో రొట్టె ఉంది. తినడానికొచ్చాను."

"ఓహో, ఆ బాటసారివి నువ్వేనా!" తెలియనట్టే అంది జులైఖా. "అది తినాలంటే ముందు ఇంకో రొట్టె విరగాలి నాయనా."

వేడి రొట్టె ఒక పక్క ఆవిడ పట్టుకుంది, రెండో పక్క అదోలత్ పట్టుకుంది. రెండిళ్ళ పెద్దలూ ఒక రొట్టె విరిచారంటే ఆ ఊళ్ళో సంబంధం ఖాయమైనట్టే. రొట్టె ఆవిరి చిమ్ముతూ రెండయింది.

దవ్రోన్ గోడ మీది రొట్టె తీసి కొరికాడు. పళ్ళు కదిలినంత పనైంది. నోజిమా నవ్వాపుకుంటూ టీ గిన్నె ముందు పెట్టింది. ఒకనాడు అడిగినట్టే అమాయకంగా అడిగింది.

"ఇంతకీ ఆ బాటసారి వచ్చాడా?"

"ఇప్పుడే వచ్చాడు," అన్నాడు దవ్రోన్.