నాలుగో మెషిన్ లేవకూడదు

రామలింగేశ్వరరావు బ్రీఫింగ్ అంటే నరసరాజుకు ఒళ్ళుమంట. ఇరవై ఏళ్ళుగా ఏజెంట్లను నడుపుతున్న ఈ చీఫ్ కంప్యూటర్‌ను ఇప్పటికీ టీవీ అనే అనుకుంటాడు.

2008 ఆయుధపూజ నాటి పొద్దున, పటాన్‌చెరు హైవే పక్కన ఆపిన వ్యానులో చీఫ్ చెప్పింది ఇదీ. కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీ. ఒకే సర్వర్‌ను మూడు వర్చువల్ మెషిన్లుగా, అంటే లోపలే మూడు కంప్యూటర్లుగా విడగొట్టి రియాక్టర్లు నడుపుతున్నారు. విదేశీ ముఠా గుట్టుగా నాలుగో మెషిన్ కలిపింది. అది లేచిందంటే కూలింగ్ వాల్వు మూసుకుంటుంది, తెరమీద మాత్రం అంతా సవ్యంగా కనిపిస్తుంది. రియాక్టర్ పేలితే పూజయ్యాక మొదటి బ్యాచ్ దగ్గర నిలబడే నలభై మందిలో ఒక్కరూ మిగలరు.

"ఎప్పుడు లేస్తుంది?"

"పదకొండుకి పూజ కోసం కరెంటు తీస్తారు. మళ్ళీ వేసినప్పుడు. లోపల మన మనిషి ఉంది. 'జిన్నారం బస్సు పోయిందా' అని అడుగు. 'వెనక ఇంకోటుంది' అంటే మనదే."

ఏ బస్టాండులో ఎవర్నడిగినా అదే జవాబు చెబుతారు. ఇలాంటి కోడ్ కట్టినవాడికి ప్రమోషన్ కూడా వచ్చే ఉంటుందని నరసరాజు అసహ్యించుకున్నాడు. చీఫ్ ఇచ్చిన కెమెరా పెన్ను అప్పటికే జేబులో కారింది. అతను ఎక్కడున్నదీ చీఫ్ తెరమీద చూపించే, బూటు మడమలోని ట్రాన్స్‌మిటర్ ఒక్కటే పనిచేస్తోంది.

బ్యాటరీ మెకానిక్ వేషంలో సర్వర్ రూము చేరేసరికి పదీ నలభై. గుమ్మంలో ఎలక్ట్రీషియన్ యాదగిరి కుంకుమ పళ్ళెంతో అడ్డం నిలబడ్డాడు.

"బూట్లు ఇడువన్నా. ఇయ్యాల పూజ గద."

ట్రాన్స్‌మిటర్ వెళ్ళి చెప్పుల గుట్టలో పడింది.

లోపల సిస్టమ్ ఆపరేటర్ అహరోను దిగాలుగా కూర్చున్నాడు. ఏమైందని అడగ్గానే గోడు వెళ్ళబోసుకున్నాడు.

"సర్వర్ లోపట సర్వీస్ ప్రాసెసర్ అని చిన్న కంప్యూటర్ వేరే ఉంటది. కరెంటు పోయినా దానికి అన్నీ యాదుంటయి. ఏటా పూజకు ముందు మెషిన్ల వివరం అండ్ల దాస్త. దేనికి గుర్తు వెడితే కరెంటు రాంగనే గదే లేస్తది. ఈసారి కన్సల్టెంట్ మేడం పాస్‌వర్డ్ మార్చి నన్ను ముట్టనిస్తలేదు."

"మేడం పేరేంది?"

"జయశీల."

అహరోను బయటికి పోగానే నరసరాజు ఆ చిన్న కంప్యూటర్‌కు కేబుల్ తగిలించి పాస్‌వర్డ్‌గా ఆ పేరే కొట్టాడు. తెరుచుకుంది. సముద్రాలు దాటొచ్చిన ముఠా తెలివి అంతే. తెరమీద రెండు పేర్లున్నాయి. దసరా-07లో మూడు మెషిన్లు, దసరా-08లో నాలుగు. గుర్తు 08 పక్కన ఉంది.

వెనక సెంటు గుప్పుమంది. నల్లకళ్ళద్దాలు, ఎత్తుమడమల చెప్పులు, చేతిలో హ్యాండ్‌బ్యాగు. జయశీల.

"జిన్నారం బస్సు పోయిందా?" అని అడిగి చూశాడు నరసరాజు.

"వెనక ఇంకోటుంది," అంటూనే ఆమె బ్యాగును అతని పక్కటెముకలకు ఆనించింది. లోపల పిస్టల్ గట్టిగా తగిలింది. "నేను రెండువైపులా పనిచేస్తాను. ఈరోజు అటువైపు. కీబోర్డు వదులు."

పదీ యాభై తొమ్మిది. గుమ్మం నిండా జనం. యాదగిరి చెయ్యి మెయిన్ స్విచ్ మీద పడింది.

"ఒక్క నిమిషం ఆగన్నా," అన్నాడు నరసరాజు.

"ముహూర్తం దాటుతది. ఆగేదే లేదు."

బ్యాటరీ మెకానిక్ దేశభద్రత అంటే వినేవాడెవడు? నరసరాజు చూపు కిందికి దిగింది.

"మరి మేడం చెప్పులతోటే నిలవడ్డదేందన్నా?"

యాదగిరి చెయ్యి ఆగిపోయింది. జనంలోంచి ఊడ్చే మొగులమ్మ ముందుకొచ్చింది.

"పొద్దుగాల కడిగి ముగ్గేసిన బిడ్డా. జెర ఇడువు."

నలభై జతల కళ్ళు. కాదంటే అనుమానం వస్తుంది. జయశీల పళ్ళు కొరుకుతూ వంగింది. ఒక్కో చెప్పుకు మూడేసి బకిళ్ళు, రెండు చేతులూ కావాలి. బ్యాగు నేలమీద పెట్టింది. నరసరాజు దాన్ని కాలితో ర్యాక్ కిందికి తన్ని ఒక్క లైను కొట్టాడు. గుర్తు 08 నుంచి 07కు మారింది. మరుక్షణం యాదగిరి స్విచ్ దించాడు.

కొబ్బరికాయ కొట్టారు. కరెంటు వచ్చింది. ఒకటి, రెండు, మూడు మెషిన్లు లేచాయి. నాలుగోది లేవలేదు. జయశీల ఒక చెప్పుతో పారిపోబోయి మొగులమ్మ చేతికే చిక్కింది.

నరసరాజు గుమ్మం దాటి చూస్తే చెప్పుల గుట్టలో అతని బూట్లు లేవు. అప్పుడే ఫోను మోగింది.

"మిషన్ మధ్యలో వదిలి జిన్నారం వైపు ఎందుకు పోతున్నావయ్యా?" అన్నాడు చీఫ్ కోపంగా. "నా తెరమీద అంతా కనిపిస్తోంది."